హై రెవ్ ఇంజన్లో ఆల్టర్నేటర్ బెల్టు ఊడిపోకుండా ఏం చేయాలి?

ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే (సొంత కార్లను ట్రాక్ మీద నడుపుకునే రోజు) అయిన ప్రతిసారీ చెన్నైలోని మన తెలుగువాళ్ళ నుంచి ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది) బెల్టు గురించి ఒకటే ప్రశ్న వస్తుంది. "కొత్త బెల్టు వేశాం, బాగా బిగించాం, అయినా ఇంజన్ ఏడు వేల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటగానే ఊడి పడుతోంది. ఇంకెంత బిగించాలి?"

ఇంక బిగించకండి. ఇప్పటికే ఎక్కువ బిగించి ఉంటారు. కంపెనీవాళ్ళు ఆ పుల్లీల్నీ ఆ బ్రాకెట్టునీ ఆరు, ఆరున్నర వేల ఆర్‌పీఎం లెక్కన చేశారు. మీరు క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) మార్చి, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మ్యాప్ మార్చి ఎనిమిది వేలు తిప్పుతున్నారు. 140 మి.మీ. వ్యాసమున్న క్రాంక్ పుల్లీ (ఇంజన్ ప్రధాన ఇరుసు చివర ఉండేది) ఎనిమిది వేలు తిరిగితే బెల్టు సెకనుకు 58 మీటర్లకు పైగా పరిగెడుతుంది. ఆ వేగంలో బెల్టు తన బరువుతోనే పుల్లీ నుంచి బయటికి లేవాలని చూస్తుంది. ఈ బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. ఆరు వేల నుంచి ఎనిమిది వేలకు వెళ్తే దాదాపు 1.8 రెట్లు. పట్టు అలా సడలిన క్షణంలో పుల్లీ మిల్లీమీటరు పక్కకున్నా, బ్రాకెట్టు కాస్త ఊగినా బెల్టు గాడి తప్పుతుంది. కాబట్టి పని వరసగా ఇది: పుల్లీలను ఒకే గీతలోకి తేవాలి, బ్రాకెట్టు కదలకుండా చేయాలి, బెల్టు వేగం తగ్గించాలి. బిగువు సంగతి చివర్లో.

చాలా ఇంజన్లలో ఇదే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పుతుంది. అక్కడ బెల్టు పోతే పోయేది చార్జింగ్ ఒక్కటే కాదు, ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ కూడా. అందుకని ఒక శనివారం పూర్తిగా దీనికే పెట్టుకోండి.

కావలసినవి

- 600 మి.మీ. స్టీలు స్కేలు, లేదా వంకర లేని అల్యూమినియం బాక్స్ ముక్క. పుల్లీకి పెట్టే లేజర్ దొరికితే మరీ మంచిది
- వెర్నియర్, 2.5 మి.మీ. డ్రిల్ బిట్లు రెండు
- మాగ్నెట్ స్టాండుతో డయల్ గేజి
- టార్క్ రెంచి
- 0.5, 1 మి.మీ. షిమ్ వాషర్లు (సందు పూడ్చే పల్చటివి)
- తెల్ల పెయింటు మార్కరు
- మల్టీమీటరు, స్లో మోషన్ వీడియో తీసే ఫోను
- కొత్త బెల్టులు రెండు. ఒకటి వేయడానికి, ఒకటి డిక్కీలో ఉంచడానికి

బెల్టు కొనేటప్పుడు కారు పేరు చెప్పి ఊరుకోకండి, పాత బెల్టు మీది నంబరు చెప్పండి. 4పీకే 900 అంటే పీకే రకం (లోపలి వైపు పొడవునా రిబ్బులు, అంటే గట్లు, ఉన్న చదునైన బెల్టు), నాలుగు రిబ్బులు, 900 మి.మీ. పొడవు. పుల్లీ సైజు మారిస్తే పొడవూ మారుతుంది, అందుకే 5వ దశ అయ్యాకే కొనండి. జీపీ రోడ్డు షాపుల్లో అన్ని పొడవులూ దొరుకుతాయి.

1. ఊడిన బెల్టును పారేయకుండా చూడండి

ఎక్కడ తప్పుందో సగం అదే చెబుతుంది.

ఒక అంచు మాత్రమే పీచు లేచి ఉంటే పుల్లీలు ఒకే గీతలో లేవు. బెల్టు ఒక రిబ్బు పక్కకు జరిగి కూర్చుని, బయటి రిబ్బు చీలి ఉన్నా అదే కారణం. రిబ్బుల పక్కలు అద్దంలా మెరుస్తుంటే జారుతోంది. అంటే బిగువు చాలలేదు, లేదా బెల్టు పుల్లీని చుట్టుకునే భాగం తక్కువైంది, లేదా ఆయిలు పడింది. పాతకాలపు వీ బెల్టు తిరగబడి ఉంటే వదులు వైపు విపరీతంగా కొట్టుకుంటోందన్నమాట. స్క్రూడ్రైవరుతో ఎత్తి పుల్లీ మీదికి ఎక్కించినప్పుడు లోపలి తాడు తెగినా సరిగ్గా ఇలాగే తిరగబడుతుంది. బెల్టు దగ్గర నల్లటి పొడి, బ్రాకెట్టు బోల్టుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే ఆ బోల్టు కింద లోహం ఒరుసుకుంటోంది. నేరుగా 4వ దశకు వెళ్ళండి.

2. వదులుగా ఉన్నవి ముందు వెతకండి

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కీ తీసినా ఎలక్ట్రిక్ ఫ్యాన్ తనంతట తాను తిరగగలదు.

బెల్టు తీసి ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పండి, ఊపండి. గరగరమన్నా, ముందుకీ వెనక్కీ ఆడినా ఆ బేరింగు మార్చాల్సిందే. డయల్ గేజి పెట్టి క్రాంక్ పుల్లీని ఒక చుట్టు తిప్పండి. అంచు పక్కలకి ఊగడం 0.25 మి.మీ. దాటకూడదు. పుదుపేటలో కొన్న పాత ఆల్టర్నేటర్ అయితే దాని పుల్లీనీ ఇలాగే చూడండి. సుత్తితో కొట్టి ఊడదీసినవి చాలా ఉంటాయక్కడ, వంకర కంటికి కనపడదు.

క్రాంక్ పుల్లీలో రబ్బరు డ్యాంపర్ (వైబ్రేషన్ తగ్గించే రబ్బరు పొర) ఉంటే, మధ్య బొడ్డు నుంచి రబ్బరు మీదుగా బయటి రింగు వరకు పెయింటుతో ఒక గీత గీయండి. బెల్టు తిరిగి వేసి, బ్యాటరీ కలిపి, గట్టిగా ఒకసారి నడిపి వచ్చి చూడండి. గీత విరిగి రెండు ముక్కలైతే రబ్బరు వదిలేసింది. బయటి రింగు మెల్లగా ముందుకు జరుగుతుంది, దాంతోపాటే బెల్టూ జరుగుతుంది. ఈ పుల్లీ మార్చకుండా మిగతావి ఎన్ని చేసినా ఫలితం ఉండదు.

క్రాంక్ ఫ్రంట్ సీల్ దగ్గర ఆయిలు చెమ్మ ఉంటే అదీ ఇప్పుడే మార్చేయండి.

3. పుల్లీలను ఒకే గీతలోకి తెండి

ఇక్కడ తొందరపడకండి. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే.

స్కేలును పుల్లీల ముఖాలకి ఆనించి "సరిగ్గానే ఉంది" అనేస్తారు. రెండు పుల్లీల అంచు మందం ఒకటే ఉండదు. ఒకదానికి అంచు 2 మి.మీ., ఇంకోదానికి 4 ఉంటే ముఖాలు కలిసినా గాడులు కలవవు. కొలవాల్సింది గాడి నుంచి. 2.5 మి.మీ. డ్రిల్ బిట్ వెనక భాగం పీకే గాడిలో సరిగ్గా కూర్చుంటుంది. క్రాంక్ పుల్లీలో ముందు నుంచి రెండో గాడిలో ఒకటి, ఆల్టర్నేటర్ పుల్లీలో కూడా రెండో గాడిలోనే ఒకటి గ్రీజుతో అంటించండి. క్రాంక్ పుల్లీ ముఖానికి స్కేలు ఆనించి, స్కేలు నుంచి రెండు బిట్లకీ ఉన్న దూరం వెర్నియర్‌తో తీయండి.

రెండు సంఖ్యల తేడా 0.5 మి.మీ. లోపు ఉండాలి. అంతకు మించితే ఎనిమిది వేల ఇంజన్లో వదిలేయకండి.

తర్వాత వంపు. ఆల్టర్నేటర్ పుల్లీ ముఖానికీ స్కేలుకీ మధ్య సందును పుల్లీ ఎడమ అంచున, కుడి అంచున, పైన, కింద, నాలుగు చోట్లా కొలవండి. 60 మి.మీ. పుల్లీ మీద ఎదురెదురు సందుల తేడా 0.3 మి.మీ. దాటితే పుల్లీ వాలి ఉంది. పక్కకు జరిగిన పుల్లీ కంటే వాలిన పుల్లీయే బెల్టును త్వరగా బయటికి నడిపిస్తుంది.

ఈ కొలతలన్నీ రెండుసార్లు తీయాలి. ఒకసారి బెల్టు వదులుగా, ఒకసారి పూర్తి బిగువుతో. బిగువు మీద సంఖ్యలు మారాయంటే బ్రాకెట్టు వంగుతోంది.

సరిచేయడం: వాటర్ పంప్ పుల్లీ కదలదు, క్రాంక్‌దీ కదలదు. కాబట్టి ఆల్టర్నేటర్‌నే వాటి గీతలోకి తేవాలి. దాని చెవికీ (బోల్టు దూరే కన్నం ఉన్న భాగం) బ్రాకెట్టుకీ మధ్య షిమ్ వేయండి. చాలా ఆల్టర్నేటర్ల వెనక చెవిలో జరిగే బుష్ ఒకటి ఉంటుంది. బోల్టు బిగిస్తే అది జరిగి సందు పూడుస్తుంది. తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే బోల్టు బిగించే కొద్దీ అల్యూమినియం చెవి వంగుతుంది, ఆల్టర్నేటర్ వాలుతుంది, ఓ రోజు చెవి పగులుతుంది. ముందే ఆయిలు వేసి, మెత్తగా తట్టి ఆ బుష్‌ను వెనక్కి జరిపి పెట్టుకోండి.

రెండు మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే షిమ్‌ల మీద షిమ్‌లు పేర్చకండి. మందమైన స్పేసర్ ఒక్కటి లేత్ మీద చేయించండి. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఏ టర్నర్‌ని అడిగినా చేసిస్తాడు.

4. బ్రాకెట్టును గట్టిపరచండి

కింద పెద్ద బోల్టు, పైన గాడి కోసిన పల్చటి పట్టీ: ఇది కంపెనీ ఏర్పాటు. వైబ్రేషన్‌కి ఆ పట్టీలో బోల్టు జారుతుంది, బెల్టు వదులవుతుంది. దాని బదులు రెండు చివర్లా రాడ్ ఎండ్ (బోల్టు దూరే కన్నం ఉన్న కీలు) ఉన్న టర్న్ బకిల్ వేయండి. ఒక వైపు కుడి మర, ఒక వైపు ఎడమ మర ఉన్న ఎం8 సైజు చాలు. తిప్పితే పొడవు మారుతుంది, రెండు జామ్ నట్లు బిగిస్తే ఇక కదలదు. బిగువు కూడా సన్నగా సర్దుకోవచ్చు. రాడ్ ఎండ్‌ను ఒకే పలక మీద వేలాడదీయకండి, రెండు పలకల మధ్య పట్టుకునేలా పెట్టండి.

కింది బ్రాకెట్టు కూడా అంతే, చెవికి రెండు వైపులా పట్టు ఉండాలి. కొత్తగా చేయిస్తే 6 మి.మీ. స్టీలు పలక, మూల పట్టీతో. 8.8 గ్రేడ్ ఎం8 బోల్టు స్టీలులోకి వెళ్తే 25 న్యూటన్ మీటర్ల దగ్గర, ఎం10 అయితే 45 దగ్గర బిగించండి. అల్యూమినియం బ్లాకులోకి వెళ్తే మాన్యువల్లో ఉన్న సంఖ్యే వాడండి. బిగించాక బోల్టు తల మీద, పక్క లోహం మీద కలిపి ఒక పెయింటు గీత పెట్టండి. బోల్టు తిరిగితే ఒక్క చూపులో తెలుస్తుంది.

5. పుల్లీ సైజు మార్చండి

క్రాంక్ పుల్లీ వ్యాసాన్ని ఆల్టర్నేటర్ పుల్లీ వ్యాసంతో భాగించి, ఇంజన్ ఆర్‌పీఎంతో గుణిస్తే ఆల్టర్నేటర్ ఎంత తిరుగుతుందో వస్తుంది.

- క్రాంక్ 140, ఆల్టర్నేటర్ 55 అయితే 8,000 దగ్గర ఆల్టర్నేటర్ 20,300 దాటుతుంది. మామూలు కారు ఆల్టర్నేటర్లు చాలావాటికి 18,000 హద్దు
- క్రాంక్ 140, ఆల్టర్నేటర్ 70 అయితే సరిగ్గా 16,000. కానీ బెల్టు వేగం మారలేదు
- క్రాంక్ 110, ఆల్టర్నేటర్ 70 అయితే 12,500 పైచిలుకు. బెల్టు వేగం సెకనుకు 46 మీటర్లకు దిగుతుంది, బయటికి లేచే బలం మూడో వంతుకు పైగా తగ్గుతుంది

మూడోది ట్రాక్ కార్లకే. 850 ఐడిల్‌లో ఆల్టర్నేటర్ 1,300 మాత్రమే తిరుగుతుంది, చార్జింగ్ అంతంతమాత్రం. వాటర్ పంపూ నెమ్మదిస్తుంది. రోహిణి కార్తె ఎండలో ఏసీ వేసుకుని ఓఎంఆర్ ట్రాఫిక్‌లో నిలబడే కారుకు ఇది పనికిరాదు. రోడ్డు కారైతే ఆల్టర్నేటర్ పుల్లీ మాత్రం పెంచి ఆపేయండి.

ఒక హెచ్చరిక. కంపెనీ క్రాంక్ పుల్లీలో డ్యాంపర్ ఉంటే, దాన్ని తీసి తేలికైన అల్యూమినియం పుల్లీ వేయకండి. క్రాంక్ మెలివైబ్రేషన్ ఆపేది అదే. అది పోతే బెల్టు గోల అటుంచి, ఆయిల్ పంపు, క్రాంక్ రెండూ ప్రమాదంలో పడతాయి. చిన్న పుల్లీ కావాలంటే డ్యాంపర్ ఉన్నదే వెతకండి. కొన్ని ఇంజన్లలో క్రాంక్ సెన్సర్ పళ్ళు కూడా ఈ పుల్లీ మీదే ఉంటాయి, అదీ చూసుకోండి.

ఆల్టర్నేటర్ పుల్లీ చేయిస్తే టర్నర్‌కి ఈ కొలతలు రాసివ్వండి: గాడి నుంచి గాడికి 3.56 మి.మీ., గాడి కోణం 40 డిగ్రీలు, రెండు వైపులా బెల్టు వీపు కంటే 3 మి.మీ. ఎత్తు అంచు, ఆ అంచు కొద్దిగా బయటికి వాలి ఉండాలి. మెత్తటి అల్యూమినియం వద్దు, గాడి అరిగిపోతుంది. ఈఎన్8 స్టీలు చాలు. తెచ్చుకునే ముందు కొత్త బెల్టు ముక్కను గాడుల్లో పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. పక్కల్లోంచి వెలుగు కనిపిస్తే టూల్ కోణం తప్పింది. అంచులు ఈ ఒక్క పుల్లీకి ఉంటే చాలు, అన్నిటికీ పెడితే బెల్టు అంచులే అరుగుతాయి.

వీ బెల్టు అయితే లోతు గాడి పుల్లీ వేయండి. బెల్టు పై భాగం పుల్లీ అంచు కంటే 2, 3 మి.మీ. లోపలే ఉండాలి, అడుగు మాత్రం గాడి అడుగుకి తగలకూడదు. గాడి అడుగు మెరుస్తుంటే తగులుతున్నట్టే.

6. వదులు వైపు ఐడ్లర్

క్రాంక్ పుల్లీలోంచి బయటికి వచ్చి ఆల్టర్నేటర్ వైపు వెళ్ళే భాగం వదులు వైపు. కొట్టుకునేది అదే. అది 250 మి.మీ. కంటే పొడవుంటే, లేదా ఆల్టర్నేటర్ పుల్లీని బెల్టు 120 డిగ్రీల కంటే తక్కువ చుట్టుకుంటుంటే ఐడ్లర్ (బెల్టును నొక్కి పట్టే అదనపు పుల్లీ) అవసరం. పీకే బెల్టుకు వీపు వైపు నుంచి లోపలికి నొక్కే నున్నటి ఐడ్లర్, వీ బెల్టుకు లోపలి వైపు గాడి ఉన్న ఐడ్లర్. వీ బెల్టును వెనక్కి వంచితే త్వరగా పగులుతుంది.

సరిగ్గా మధ్యలో పెట్టకండి. రెండు సమాన భాగాలై రెండూ ఒకే ఆర్‌పీఎం దగ్గర ఊగుతాయి. క్రాంక్ వైపు నుంచి మూడో వంతు దూరంలో పెట్టండి.

బేరింగు విషయంలో జాగ్రత్త. బెల్టు 46 మీటర్ల వేగంలో ఉంటే 60 మి.మీ. ఐడ్లర్ 14,600 ఆర్‌పీఎం తిరుగుతుంది. రబ్బరు సీల్ ఉన్న మామూలు 6203 బేరింగుకు దాదాపు 12,000 హద్దు. 80 మి.మీ. ఐడ్లర్ వేస్తే 11,000కి దిగుతుంది. చోటు ఉన్నంతలో పెద్దది వేయండి, బేరింగు ఇనుప షీల్డ్ ఉన్నది అడగండి.

7. యాక్సిలరేటర్ వదిలినప్పుడు

"ఫుల్ రెవ్‌లో ఊడలేదు, గేరు మార్చగానే ఊడింది" అనేవాళ్ళు నిజమే చెబుతున్నారు. ఇంజన్ ఎనిమిది నుంచి అయిదున్నర వేలకు రెప్పపాటులో పడిపోతుంది. బరువైన ఆల్టర్నేటర్ రోటర్ మాత్రం అదే ఊపులో తిరుగుతూ బెల్టును తనే లాగుతుంది. వదులు వైపు బిగుస్తుంది, బిగువు వైపు వదులవుతుంది. స్ప్రింగ్ టెన్షనర్ (బెల్టును స్ప్రింగుతో బిగువుగా ఉంచేది) ఉంటే ఆ కుదుపుకి చివరిదాకా వెళ్ళి తిరిగి కొడుతుంది. ఆ కొట్టడంలోనే బెల్టు లేస్తుంది.

మందులు మూడు. స్ప్రింగ్ టెన్షనర్ తీసి 4వ దశలో చెప్పిన టర్న్ బకిల్ పెట్టడం ఒకటి. ఒకే వైపు పట్టే వన్ వే పుల్లీ మీ ఆల్టర్నేటర్‌కి సరిపోయేది దొరికితే వేయడం రెండోది. రోటర్ తన ఊపున తిరుగుతుంది, బెల్టును లాగదు. చిన్న ఆల్టర్నేటర్‌కి మారడం మూడోది. ఏసీ, మ్యూజిక్ లేని ట్రాక్ కారుకు ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్, ఫ్యాన్, ఈసీయూ అన్నిటికీ 40 ఆంపియర్లు సాధారణంగా సరిపోతాయి. వీటిలో చిన్న ఆల్టర్నేటర్‌కే నా ఓటు: రోటర్ తేలిక, బ్రాకెట్టు మీద బరువూ తక్కువ.

ఈసీయూలో రెవ్ లిమిటర్‌ను (ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపేది) హార్డ్ కట్ (ఒక్కసారిగా ఆపేయడం) నుంచి సాఫ్ట్ కట్‌కి (మెల్లగా తగ్గించడం) మార్చండి. హార్డ్ కట్ మీద ఇంజన్ టపటప కొట్టుకునే ప్రతి క్షణం బెల్టుకు ఇదే కుదుపు తగులుతుంది.

8. బెల్టు వేసి బిగువు పెట్టండి

ఆల్టర్నేటర్‌ను పూర్తిగా లోపలికి జరిపి, బెల్టును చేత్తో వేయండి. స్క్రూడ్రైవరు, టైరు లివరు వద్దు. రిబ్బులన్నీ గాడుల్లో ఉన్నాయో లేదో క్రాంక్ పుల్లీ అడుగున వేలు పెట్టి తడమండి, అక్కడ కంటికి కనపడదు.

బిగువుకి ఫోను చాలు. పాత బెల్టును వంటింటి డిజిటల్ కాటా మీద తూచి, పొడవుతో భాగించండి. 900 మి.మీ. బెల్టు 72 గ్రాములుంటే మీటరుకు 0.08 కిలోలు. రెండు పుల్లీల మధ్య తిన్నగా ఉన్న భాగం పొడవు కొలవండి. ఇంజన్ ఆపి, ఆ భాగాన్ని వేలితో మీటి, ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ చూపే హెర్ట్జ్ రాసుకోండి. నాలుగు × మీటరు బరువు × పొడవు వర్గం × హెర్ట్జ్ వర్గం: వచ్చేది న్యూటన్లలో బిగువు. 0.25 మీటర్ల పొడవు, 158 హెర్ట్జ్ అయితే దాదాపు 500 న్యూటన్లు. మాన్యువల్లో సంఖ్య లేకపోతే కొత్త బెల్టుకు రిబ్బుకు 110 నుంచి 130 న్యూటన్లతో మొదలుపెట్టండి.

యాప్ వద్దనుకుంటే మాన్యువల్లో చెప్పిన బరువుతో నొక్కి, ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూడండి. బొటనవేలి అంచనా మాత్రం ఈ ఇంజన్లకు చాలదు.

పది, పదిహేను నిమిషాలు నడిపి, చల్లారాక మళ్ళీ మీటి చూడండి. కొత్త బెల్టు తప్పకుండా కొంత వదులవుతుంది. మళ్ళీ సర్దండి. ఈ రెండో సర్దుబాటు ఎగ్గొట్టడం వల్లే కొత్త బెల్టులు ఎక్కువగా ఊడుతున్నాయి.

బెల్టు కీచుమందని స్ప్రే కొట్టకండి, సబ్బు రాయకండి. రబ్బరు మెత్తబడి రెండు రోజులు నోరు మూసుకుంటుంది, ఆ తర్వాత జిగురుకు దుమ్ము పట్టి మరింత జారుతుంది.

సరిగ్గా అయిందో లేదో చూడటం

లుంగీ, వేలాడే తాళ్ళు, మెడలో గొలుసు ఉంటే బానెట్ దగ్గరికి రాకండి. బెల్టు తిరిగే వరసలో ఎవరూ నిలబడకూడదు, తెగితే అటే వస్తుంది.

ఫోన్‌ను పక్క నుంచి స్టాండు మీద పెట్టి సెకనుకు 240 ఫ్రేములతో వీడియో తీయండి. ఇంజన్‌ను వెయ్యి చొప్పున పెంచుకుంటూ, ఒక్కో చోట మూడు సెకన్లు ఆపండి. ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర వదులు వైపు బెల్టు మందంగా, మసకగా కనిపిస్తే అక్కడ ఊగుతోంది. మీరు ట్రాక్ మీద ఎక్కువసేపు ఉండే ఆర్‌పీఎం అదే అయితే ఐడ్లర్‌ను 20 మి.మీ. అటో ఇటో జరపండి. చివర్లో యాక్సిలరేటర్ ఒక్కసారి నొక్కి వదలండి, ఆ వదిలిన క్షణాన్ని నెమ్మదిగా చూడండి.

ఆల్టర్నేటర్‌కి డబ్ల్యూ టెర్మినల్ (దాని వేగాన్ని బట్టి హెర్ట్జ్ ఇచ్చే కనెక్షను) ఉంటే జారుడును అంకెల్లో పట్టుకోవచ్చు. మల్టీమీటర్ హెర్ట్జ్‌లో పెట్టండి. 12 పోల్ ఆల్టర్నేటర్‌లో హెర్ట్జ్‌ను పదితో గుణిస్తే దాని ఆర్‌పీఎం. క్రాంక్ 110, ఆల్టర్నేటర్ 70 ఉంటే 3,000 దగ్గర 471 హెర్ట్జ్ రావాలి. 6,000 దగ్గర దానికి రెట్టింపు రాకుండా తగ్గిందంటే జారుతోంది. ఆ టెర్మినల్ లేకపోతే ఇంజన్ ఆపగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో పుల్లీలను చూడండి. ఆల్టర్నేటర్ పుల్లీ క్రాంక్ పుల్లీ కంటే బాగా వేడిగా ఉంటే అదీ జారుడు గుర్తే.

రెండు వేల దగ్గర బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. పుల్లీ మార్చినవాళ్ళు ఫ్యాన్, లైట్లు వేసి ఐడిల్‌లో కూడా చూడండి. 13 కంటే దిగితే ఐడిల్‌ను 1,100కి పెంచండి.

ట్రాక్ మీద ప్రతి సెషన్ తర్వాత పెయింటు గీతలు, బెల్టు అంచులు, మీటితే వచ్చే హెర్ట్జ్ చూడండి. మొదటి రోజు సంఖ్య బానెట్ లోపల రాసి పెట్టుకుంటే పోల్చడం తేలిక. సెషన్ మధ్యలో బ్యాటరీ లైటు వెలిగితే ల్యాప్ పూర్తి చేద్దామనుకోకండి. వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంటే యాక్సిలరేటర్ వదిలి, రేసింగ్ లైన్ తప్పుకుని, భద్రంగా ఆపగలిగిన మొదటి చోటే ఇంజన్ ఆపేయండి. నీళ్ళు తిరగడం ఆగాక టెంపరేచర్ సెన్సర్ చూపే అంకెను నమ్మలేం, హెడ్ కాలిపోతున్నా అది మామూలుగానే చూపించవచ్చు.